మా ఎంపీ లేచి మాట్లాడాడు, మరి రైలు ఆగదేం?

ఈ నెల వచ్చిన మెయిళ్ళలో సగానికి పైగా ఒకటే గోల. మా ఎంపీ కొత్తాయన, ఎక్కడో వెనక బెంచీలో కూర్చుంటాడు, మా గోడు అక్కడ చెప్తాడా లేదా, చెప్తే ఏమవుతుంది అని. 2024లో గెలిచిన 543 మందిలో 280 మంది మొదటిసారి లోక్‌సభ మెట్లెక్కినవాళ్ళే, కాబట్టి ఈ ప్రశ్నలు రావడంలో వింతేం లేదు. అందుకే ఈసారి సినిమాలు, క్రికెట్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి ఇవే తీసుకున్నా. క్రికెట్ వాళ్ళు తిట్టుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: నమస్తే సార్. మాది ఉత్తరాంధ్రలో ఒక చిన్న రైల్వే స్టేషన్ ఉన్న ఊరు. కరోనా ముందు దాకా మా దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ ఆగేది, కాలేజీ పిల్లలు, పెద్దాసుపత్రికి వెళ్ళే ముసలోళ్ళు అందరూ దానికే ఎక్కేవాళ్ళు. ఇప్పుడు ఆగట్లేదు. ఊరంతా సంతకాలు పెట్టి ఎంపీ గారికి అర్జీ ఇచ్చాం. ఆయన జీరో అవర్‌లో మాట్లాడారు, ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగింది, మేం స్టేటస్‌లు కూడా పెట్టుకున్నాం. మూడు నెలలైంది. రైలు మాత్రం మా ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోతోంది. ఇదంతా షో అనుకోవాలా?

జవాబు: షో అనను, అలాగని పని అయిపోయిందీ అనను. పావలా వంతు అయింది అనుకోండి.

జీరో అవర్ అనే మాట లోక్‌సభ నియమాల పుస్తకంలో మీకెక్కడా కనపడదు. 1960ల్లో అలవాటుగా మొదలైంది. పదకొండింటికి ప్రశ్నల గంట మొదలవుద్ది, పన్నెండింటికి అయిపోద్ది, అది అవగానే సభ్యులు లేచి అర్జెంటు సంగతులు చెప్పుకోవడం అన్నమాట. ఇప్పుడైతే ముందే నోటీసు పెట్టాలి, బ్యాలెట్ తీస్తారు, అంటే లాటరీ అన్నమాట, పేరొస్తే మైకు వస్తుంది. అదీ ఒకటి రెండు నిమిషాలే. 2019 జులై 18న ఒక్క రోజే 161 మంది మాట్లాడారు, 2025 ఏప్రిల్ 3న అయితే 202 మంది. సంఖ్య గొప్పగానే ఉంది గానీ, 202 మంది చెప్పిన 202 ఊళ్ళ కష్టాలు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి. అసలు సంగతి ఏంటంటే జీరో అవర్‌లో అడిగినదానికి మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న రూల్ లేదు. ఎప్పుడైనా మంత్రి లేచి నాలుగు మాటలు చెప్తే అది ఆ ఎంపీ అదృష్టం.

అలాగని గాలికి పోదు. ఆ మాటలు రికార్డులోకి ఎక్కుతాయి, అక్కణ్ణుంచి సంబంధిత శాఖకి వెళ్తాయి. వెళ్ళాక ఎవరో ఒకరు వెంట పడకపోతే అక్కడే పడుకుంటాయి. మీ ఎంపీ గారు చేయాల్సిన అసలు పని వీడియో తర్వాత మొదలవుద్ది. అదే విషయాన్ని లోక్‌సభ నియమాల్లోని 377 నిబంధన కింద రాసివ్వొచ్చు. అది 250 పదాలకి మించకూడదు, ముందు ఆమోదం పొందిన పాఠాన్నే ఉన్నదున్నట్టు చదవాలి, ఒక సభ్యుడికి వారానికి ఒక్కటే. సభలో గొడవ జరిగే రోజుల్లో చదవడం కూడా ఉండదు, టేబుల్ మీద పెట్టినట్టు రాసుకుంటారు, టీవీలో కనపడదు కాబట్టి చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నన్నడిగితే జీరో అవర్ కన్నా ఇదే నయం, ఎందుకంటే దీనికి శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తుంది, ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాతి మెట్టు ఎక్కొచ్చు.

ఇక రైలు సంగతి. ఒక స్టేషన్లో ఆపాలా వద్దా అన్నది ఎక్కువగా టికెట్ల లెక్క మీద నడుస్తుంది, రోజుకి ఎంతమంది ఎక్కుతున్నారు, ఆపితే వచ్చే డబ్బెంత, ఆపడానికయ్యే ఖర్చెంత అని. అందుకే చాలాసార్లు ముందు ‘ఎక్స్‌పెరిమెంటల్ స్టాపేజ్’ అని కొన్నాళ్ళు ఆపి చూస్తారు. ఇప్పుడు మీ అర్జీ ఒకసారి తీసి చూడండి. “మా గ్రామ ప్రజలు ఎన్నో ఇబ్బందులు పడుతున్నారు, కావున దయచేసి” అని ఉందా? మరి రైలు నంబర్ ఉందా? ఆపేయకముందు ఏడాది మీ స్టేషన్లో ఎన్ని టికెట్లు తెగాయో ఉందా? ఆర్టీఐ కింద అడిగితే ఆ లెక్క మీకే వస్తుంది. ఆ లెక్కతో ఇంకో కాగితం తయారు చేసి ఇవ్వండి. రైల్వే జనరల్ మేనేజర్లు ఎంపీలతో మీటింగులు పెడుతుంటారు, ఆ కాగితం పట్టుకుని మీ ఎంపీ అక్కడికి వెళ్తే సభలో నిమిషం మాట్లాడినదానికన్నా ఎక్కువ పని అవుతుంది. స్టేటస్ పెట్టుకున్నందుకు నేనేం అనట్లేదు, నేనైనా పెట్టుకునేవాణ్ణి.

ప్రశ్న: అన్నా, నేను అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. స్టార్ ప్రశ్న, స్టార్ లేని ప్రశ్న తేడా బుక్‌లో చదివా గానీ బుర్రకెక్కట్లేదు. కొత్త ఎంపీకి ఏది ఉపయోగం?

జవాబు: తమ్ముడూ, స్టార్ గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది, అంతే. లోక్‌సభలో రోజుకి 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి. రాజ్యసభలో 15, 160. పరీక్షకి ఈ అంకెలు చాలు. జీవితానికి ఇంకొంచెం చెప్తా.

ఆ 20లో గంట పూర్తయ్యేసరికి నాలుగో ఐదో మాత్రమే నోటి జవాబు దాకా వస్తాయి. మిగతావి కూడా రాత జవాబులే అయిపోతాయి. పైగా ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అన్నది కూడా లాటరీయే. కాబట్టి మొదటిసారి గెలిచినవాళ్ళు స్టార్ కోసం ఎగబడటం కన్నా స్టార్ లేని ప్రశ్నని బాగా చెక్కడం నేర్చుకోవాలి అంటాన్నేను. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 150 పదాలు దాటకూడదు, అభిప్రాయాలు, ఆరోపణలు ఉండకూడదు, రాష్ట్ర ప్రభుత్వం చూసుకునే విషయమైతే తిప్పి పంపేస్తారు.

ఉదాహరణకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీసుకో. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస వైపు ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు జనాన్ని తినేస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. దీని మీద ఒక ఎంపీ “ఉద్దానం ప్రజలు పడుతున్న బాధ ప్రభుత్వానికి తెలుసా, ఎప్పుడు న్యాయం చేస్తారు” అని వేశాడనుకో. వచ్చే జవాబు నేను ఇక్కడ కూర్చునే చెప్తా, “ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం” అని మొదలవుద్ది, రెండు కేంద్ర పథకాల పేర్లు చెప్పి ముగిసిపోద్ది. అదే ఇంకో ఎంపీ “కేంద్ర పరిశోధన సంస్థలు ఈ జబ్బు మూలాల మీద చేస్తున్న అధ్యయనాలేవి, ఒక్కోదానికి ఏ సంవత్సరం ఎంత డబ్బు విడుదల చేశారు, నివేదిక వచ్చిందా, రాకపోతే ఎప్పటికి వస్తుంది” అని అడిగితే, దానికి అంకె చెప్పాలి, తారీకు చెప్పాలి. తప్పించుకోవడం కష్టం. ఒక్క హెచ్చరిక, ప్రశ్నలో మొదటి ముక్కని “అవునా కాదా” లాగా పెడితే “లేదండి” అని, మిగతా ముక్కలన్నిటికీ కలిపి “ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు” అని ఒక్క లైన్లో పోగొట్టేస్తారు. ఆ లైను రాసే ఆఫీసర్లకి అది ఇష్టదైవం లాంటిది.

ప్రశ్న: మా వీధిలో కాలవ పొంగిపోతోంది, ఎంపీ గారు పార్లమెంటులో ఎందుకు ప్రస్తావించరు?

జవాబు: ఎందుకంటే అది పార్లమెంటు కాలవ కాదు కాబట్టి. పంచాయతీనో మున్సిపాలిటీనో పట్టుకోండి, కాకపోతే ఎమ్మెల్యే.

ప్రశ్న: మా ఎంపీ అధికార కూటమిలో ఉన్నాడు. గట్టిగా అడిగితే పైవాళ్ళు ఊరుకోరు, అందుకే పొగడ్తలతో సరిపెడుతున్నాడు అని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజంగా అడగకూడదా? అడిగితే సభ్యత్వం పోతుందా?

జవాబు: పోదు. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూల్, విప్‌కి, అంటే ఇలా ఓటెయ్యాలి అన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేస్తేనో, ఓటు వేయాల్సినప్పుడు వేయకపోతేనో, పార్టీని వదిలేస్తేనో పట్టుకుంటుంది. మా ఊరికి నీళ్ళు రావట్లేదు అని మంత్రిని అడిగినందుకు ఎవరి సీటూ పోదు. పోయేది ఏదైనా ఉంటే వచ్చేసారి టికెట్టు, ఆ భయం నిజమే, దాన్ని నేను కాదనను.

అయితే మన పార్లమెంటులో ఒక పాత కథ ఉంది, నాకు చాలా ఇష్టం, కాస్త పెద్దదైనా చెప్తా. 1956లో బీమా కంపెనీల్ని జాతీయం చేసి ఎల్ఐసీ పెట్టారు. ఆ మరుసటి ఏడాదే ఆ సంస్థ డబ్బు కోటీ ఇరవై లక్షలకి పైగా హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి వెళ్ళింది, ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. 1957 డిసెంబర్ 16న లోక్‌సభలో దీన్ని ఏకి పెట్టింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడే, వెనక బెంచీల్లో కూర్చునే ఫిరోజ్ గాంధీ, సాక్షాత్తూ ప్రధాని నెహ్రూ అల్లుడు. గొంతు చించుకోలేదు. తారీకులు, షేర్ల ధరలు, ఎవరు ఎప్పుడు ఏం సంతకం పెట్టారు అని ఒక్కోటీ పేర్చుకుంటూ పోయాడు. చాగ్లా కమిషన్ వేశారు, బహిరంగంగా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత పార్టీ, పైగా మామగారి ప్రభుత్వం. మీ ఎంపీ గారికి అంత ఇబ్బంది లేదు కదా.

ఇదే ఫిరోజ్ గాంధీ ఇంకో పని చేశాడు. సభలో అన్న మాటల్ని పత్రికలు ఉన్నదున్నట్టు అచ్చేస్తే కేసుల్లో ఇరుక్కోకుండా రక్షణ ఇచ్చే చట్టం 1956లో వచ్చింది, అది ఆయన ప్రైవేటు బిల్లే. మా రిపోర్టర్లందరం ఆయనకి బాకీ. ప్రైవేటు బిల్లు అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టేది, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు వాటికి ఇస్తారు. ఇప్పటిదాకా మొత్తం 14 మాత్రమే చట్టాలయ్యాయి, ఆఖరిది 1970లో. ఆ తర్వాత ఒక్కటీ లేదు. కాబట్టి ఎవరైనా కొత్త ఎంపీ “మన జిల్లా కోసం బిల్లు పెట్టేశా” అని పోస్టర్ వేస్తే చప్పట్లు కొట్టండి, స్వీట్లు మాత్రం పంచకండి.

ప్రశ్న: మా ఎంపీ గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, హిందీ అసలు రాదు. తెలుగులో మాట్లాడితే అక్కడ ఎవరికైనా అర్థమవుతుందా? నవ్వుతారని భయపడుతున్నారట.

జవాబు: రాజ్యాంగం 120వ అధికరణం సభ వ్యవహారాలు హిందీలోనో ఇంగ్లీషులోనో అంటూనే, ఆ రెండిట్లో సరిగ్గా చెప్పలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనివ్వొచ్చు అనీ అంటుంది. తెలుగుకి అనువాదకులు ఉన్నారు, గాజు గదిలో కూర్చుని వెంటవెంటనే చెప్తుంటారు, మిగతావాళ్ళు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు. తెలుగులో మాట్లాడతానని ముందుగా చెప్పి, కాగితం ఒక కాపీ అనువాదకులకి ఇస్తే ఇంకా మంచిది. వాళ్ళకి వచ్చే చిక్కల్లా మన వేగంతోనే. కొందరు పద్యం అప్పజెప్పినట్టు ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు, అప్పుడు అనువాదకుడు సగంలో చేతులెత్తేస్తాడు. తడబడే ఇంగ్లీషులో మూడు నిమిషాల కన్నా నిలకడైన తెలుగులో రెండు నిమిషాలు మేలు. నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ళు ఓటెయ్యరు కదా.

ప్రశ్న: ఎంపీ నిధులు 5 కోట్లు అంటారు. మా మండలానికి ఒక బోరు కూడా వెయ్యలేదు. ఆ డబ్బంతా ఏమవుతోంది? (ఖమ్మం జిల్లా పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఒక లెక్క చూద్దాం. ఈ పథకం 1993 డిసెంబర్ 23న మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చింది. మొదటి ఏడాది ఎంపీకి 5 లక్షలు, తర్వాత కోటి, 1998 నుంచి ఏడాదికి 2 కోట్లు, 2011 నుంచి ఏడాదికి 5 కోట్లు. అప్పట్నుంచి అక్కడే ఆగింది, సిమెంట్ రేటు మాత్రం ఆగలేదు. తెలంగాణలో 17 లోక్‌సభ స్థానాలు, 119 అసెంబ్లీ స్థానాలు, అంటే ఒక్కో ఎంపీ కింద ఏడు అసెంబ్లీలు. 5 కోట్లని ఏడుకి పంచితే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర, దాన్ని మళ్ళీ మండలాలకి పంచితే, ఆ మండలంలో ఊళ్ళకి పంచితే… మీకే తెలుస్తుంది. ఇందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకి పెట్టాలి. పైగా డబ్బు ఎంపీ చేతికి రాదు, ఆయన సిఫార్సు రాస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి పని చేయిస్తుంది. కాబట్టి “బోరు ఎందుకు వెయ్యలేదు” అని కాకుండా “మా మండలం నుంచి ఏ పనులు సిఫార్సు చేశారు, అందులో కలెక్టరేట్‌లో ఆగినవి ఏవి” అని అడగండి. అప్పుడు ఆగింది ఎంపీ దగ్గరా, ఆఫీసు దగ్గరా అన్నది బయటపడుద్ది.

ప్రశ్న: పార్లమెంటులో అడగడం వల్ల నిజంగా వచ్చింది ఒక్కటి చూపించండి. లేదంటే ఈ కాలమ్ ఆపేయండి. (ఆర్మూర్)

జవాబు: ఆర్మూర్ నుంచి రాసి ఈ ప్రశ్న అడిగారంటే మీ మనసులో ఉన్నది పసుపు బోర్డే అని నాకు తెలుసు. 2019 ఎన్నికల్లో మీ నిజామాబాద్‌లో ఆ బోర్డు కావాలని 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలబడ్డారు, మొత్తం అభ్యర్థులు 185, ఒక్కో పోలింగ్ బూత్‌లో ఓటింగ్ యంత్రాలు గోడలాగా పేర్చాల్సి వచ్చింది. జాతీయ పసుపు బోర్డుకి నోటిఫికేషన్ 2023 అక్టోబర్లో వచ్చింది, బోర్డు ప్రారంభమైంది 2025 జనవరిలో, సంక్రాంతి రోజు. ఇది సభలో మాటల వల్ల వచ్చిందా, రోడ్డు మీద ధర్నాల వల్లా, ఎన్నికల లెక్కల వల్లా అంటే మూడూ కలిస్తేనే అంటాను, ఏ ఒక్కరు నా ఖాతా అన్నా నేను నమ్మను. విశాఖ రైల్వే జోన్ కూడా అంతే, 2014 విభజన చట్టంలో పరిశీలిస్తాం అన్నారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ఆఫీసుకి శంకుస్థాపన 2025 జనవరిలో. ఈ మధ్యలో ఎన్ని ప్రశ్నలు, ఎన్ని జీరో అవర్లు. సభలో అడగడం వల్ల జరిగేది ఏంటంటే విషయం చచ్చిపోదు. ప్రతి సెషన్‌లో ఎవరో ఒకరు కదుపుతుంటే శాఖలో ఆ ఫైలు మీద దుమ్ము పట్టదు.

ఇంకోటి, చాలామంది ఎంపీలే వాడుకోనిది. మంత్రి సభలో “పరిశీలిస్తున్నాం”, “సమాచారం తెప్పిస్తున్నాం” అన్నాడంటే అది హామీ కింద నమోదయ్యే అవకాశం ఉంది. దీనికోసం హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఉంది, మూడు నెలల్లో తీర్చాలన్నది లెక్క. తీర్చకపోతే శాఖ గడువు అడుక్కోవాలి. మీ ఎంపీ గారికి వచ్చిన పాత జవాబుల్లో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో సన్సద్ వెబ్‌సైట్‌లో మీరే వెతకొచ్చు, ప్రశ్నలూ జవాబులూ అన్నీ అక్కడ పెడతారు. అన్నట్టు, ఎన్ని ప్రశ్నలు వేశాడు అన్న అంకె చూసి మాత్రం మోసపోకండి. 2005 డిసెంబర్లో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 11 మంది ఎంపీల్ని ఇంటికి పంపారు. వాళ్ళ లెక్కలోనూ ప్రశ్నలు బాగానే ఉండి ఉంటాయి.

ప్రశ్న: పేరు వేయకండి ప్లీజ్. నేను ఒక కొత్త ఎంపీ గారి దగ్గర పీఏగా చేస్తున్నా. వచ్చే సెషన్‌లో సార్‌కి చర్చలో మాట్లాడే ఛాన్స్ రావొచ్చు, పార్టీ వాళ్ళు మూడు నిమిషాలు అన్నారు. పన్నెండు పేజీలు రాసిపెట్టా. ఏమైనా సలహా ఇస్తారా?

జవాబు: పదకొండు పేజీలు చింపేయండి.

నేను ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న రోజుల్లో వెనక బెంచీల మొదటి ప్రసంగాలు చాలా విన్నా, ఎక్కువ శాతం ఒకే తీరు. “అధ్యక్షా, నాకు ఈ అవకాశం ఇచ్చిన మీకు ధన్యవాదాలు, మా అధినాయకుడికి పాదాభివందనాలు, నన్ను లక్షల మెజారిటీతో గెలిపించిన నా నియోజకవర్గ ప్రజలకి శిరస్సు వంచి…” ఇక్కడికి ముప్పావు నిమిషం. తర్వాత మన రాష్ట్రం గత వైభవం ఒక నిమిషం. ఆ తర్వాత జిల్లా భౌగోళిక స్వరూపం. అసలు సమస్య దగ్గరికి వచ్చేసరికి ఠంగ్‌మని గంట, “కంక్లూడ్ చేయండి”, ఇంకో గంట, మైకు కట్. పాపం ఆయన పెదాలు కదులుతూనే ఉంటాయి, మాట మాత్రం రికార్డులోకి పోదు. మైకు పోయాక ఎంత ముత్యాల్లాంటి మాట చెప్పినా అది ఆయనకీ పక్క సీటాయనకీ మాత్రమే.

కాబట్టి మొదటి వాక్యంలోనే ఊరి పేరు రావాలి. రెండో వాక్యంలో ఎంతమందికి ఏమవుతోందో అంకె. మూడోది, మంత్రి గారు చేయాల్సిన ఒక్క పని, రెండు కాదు ఒక్కటే. ధన్యవాదాలు చివర్లో పెట్టుకోండి, గంట కొట్టి ఆపేసినా నష్టం ఉండదు. సార్ చేత గడియారం పెట్టి ఇంట్లో మూడుసార్లు చదివించండి, మూడు నిమిషాల ఇరవై సెకన్లు వస్తే ఇంకో పేరా తీసేయండి, పార్టీ టైము ముందు మాట్లాడినాయనే సగం తినేసి మీ సార్‌కి రెండు నిమిషాలే మిగల్చడం మామూలే, ఆ రెండు నిమిషాల వెర్షన్ కూడా జేబులో ఉండాలి.

ఇంకా ముఖ్యం, మాట్లాడిన మర్నాడు పొద్దున్నే ఆ ప్రసంగం రికార్డు కాపీ, మీరు చింపకుండా ఉంచిన ఆ ఒక్క పేజీ, రెండూ జతచేసి మంత్రి గారికి సార్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపండి. ఉత్తరం అందినట్టు అక్కడ ఇచ్చే డైరీ నంబర్ తీసుకోండి. ఆ నంబర్ ఒక నోట్‌బుక్‌లో రాసి, నెల తర్వాత తారీకు పక్కన గుర్తు పెట్టుకోండి. వీడియో ఎడిట్ చేసే కుర్రాడికి మీ ఆఫీసులో జీతం ఎంతో నాకు తెలీదు గానీ, ఆ నోట్‌బుక్ రాసేవాళ్ళకి అంతకన్నా ఒక రూపాయి ఎక్కువ ఇమ్మని సార్‌కి నా మాటగా చెప్పండి.